బిళ్ళగన్నేరు ఎండకు చావదు: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. అయినా ఇక్కడ పెరట్లో పూలమొక్కని ఏడాది పొడుగునా నిలబెట్టుకోవడం కష్టం. పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. డిసెంబరు నుంచి మే దాకా ఎర్రనేల బిగుసుకుపోతుంది, బోర్లలో నీళ్ళు కిందికి దిగిపోతాయి, కుళాయి నీళ్ళు తాగడానికే సరిపోతాయి. దీనికి తోడు తుఫాన్లు. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి మన దగ్గర మొక్క ఆరు నెలలు దాహాన్ని ఓర్చుకోవాలి, తర్వాత నాలుగైదు నెలలు తడిని ఓర్చుకోవాలి.

బిళ్ళగన్నేరు దాహాన్ని తేలిగ్గా ఓర్చుకుంటుంది. దీని సొంత ఊరు మడగాస్కర్. నిగనిగలాడే మందపాటి ఆకు, లోతుకు దిగే తల్లివేరు దానికి పుట్టుకతో వచ్చాయి. మన సముద్రపు ఒడ్డు ఇసుకలో కూడా ఎవరూ నాటకుండానే మొలిచి పూస్తుంది. దానికి చేతకానిది తడిని ఓర్చుకోవడం. విజయనగరం శివారులో నర్సరీ నడుపుతున్న నా దగ్గరికి చనిపోయిన బిళ్ళగన్నేరు పట్టుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఎండబెట్టినవాళ్ళు కాదు, రోజూ శ్రద్ధగా నీళ్ళు పోసినవాళ్ళే. అందుకే నేను తరచుగా వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎండకు తట్టుకునే మొక్క కదా, నాటి వదిలేస్తే చాలు.

తట్టుకునేది వేరు దిగిన మొక్క. నర్సరీ కవరులో ఉన్న మొక్కకి గుప్పెడు మట్టిలో చుట్టుకున్న వేర్లే ఉంటాయి. దాన్ని నేలలో పెట్టాక మొదటి రెండు నెలలు నీళ్ళు ఇవ్వాల్సిందే. ఎలా ఇస్తామన్నదే ముఖ్యం. రోజూ చెంబుడు పోస్తే పైన రెండంగుళాలే తడుస్తాయి, వేరు కూడా ఆ రెండంగుళాల్లోనే తిరుగుతుంది. అలాంటి మొక్క మే నెలలో నిలవదు. మూడు నాలుగు రోజులకోసారి నెమ్మదిగా, లోపలిదాకా దిగేలా పోయండి. మధ్యలో పై మట్టి ఎండిపోనివ్వండి. తడి వెతుక్కుంటూ వేరు కిందికి దిగుతుంది. ఆ తర్వాత నేలలో ఉన్న మొక్కకి నడివేసవిలో కూడా వారానికోసారి పోస్తే సరిపోతుంది.

కుండీ సంగతి వేరు. డాబా మీద, సిమెంటు వేడికి, చిన్న ప్లాస్టిక్ కుండీలో మట్టి మే నెలలో ఒక్క రోజులో ఎండిపోతుంది. అక్కడ రోజు లెక్క పనికిరాదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. పొడిగా తగిలితే పోయండి, తడి తగిలితే ఆగండి. ఎండలో పడి ఉన్న పైపు విప్పగానే మొదట వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి పక్కకి వదిలేసి, చల్లబడ్డాకే మొక్కకి పెట్టండి.

అపోహ: ఆకు వాలిందంటే నీళ్ళు కావాలని అర్థం.

బిళ్ళగన్నేరు మొక్కల్ని ఎక్కువగా చంపేది ఈ నమ్మకమే అని నా అభిప్రాయం. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఆరోగ్యంగా ఉన్న మొక్క కూడా ఆకులు ముడుచుకుని వేలాడుతుంది. ఆ వేడికి ఆకులోంచి పోయినంత నీటిని వేరు వెంటనే అందించలేదు, అందుకే అలా వాలుతుంది. పొద్దు వాలాక మళ్ళీ లేస్తుంది. కాబట్టి మొక్కని చూడాల్సింది తెల్లవారాక. పొద్దున్న ఆరింటికి కూడా వాలిపోయి ఉండి, మట్టి పొడిగా ఉంటే అది దాహం. పొద్దున్నే వాలి ఉండి మట్టి తడిగా ఉంటే వేరు కుళ్ళుతోందన్నమాట. ఆ స్థితిలో పోసే ప్రతి చెంబూ దాన్ని చావుకి దగ్గర చేస్తుంది.

"రోజూ నీళ్ళు పోస్తన్నా సచ్చిపోతంది బాబూ, ఏటి సేయాలి?" అని ఒక పెద్దమ్మ మొక్కని మట్టితో సహా పెకలించి తెచ్చి అడిగారు. "పెద్దమ్మా, ముందు నీళ్ళు ఆపాలి" అని చెప్పి వేరు చూపించాను. గోధుమరంగుకి తిరిగిన వేరుని వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చింది, లోపల సన్నని దారం మిగిలింది. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఇలా కుళ్ళించేవి ఫైటోఫ్తోరా, పిథియం అనే సూక్ష్మజీవులు. రెండూ నీళ్ళలో ఈది వేరుని చేరతాయి. నీరు నిలవకపోతే వేరుని చేరడం వాటికి కష్టం. వానాకాలంలో కాండం మొదట్లోనో, కొమ్మ మధ్యలోనో నల్లటి మచ్చ కనబడి, రాత్రికి రాత్రి ఆ కొమ్మ వాలిపోయిందంటే అది ఫైటోఫ్తోరా పనే కావచ్చు. వానచినుకు మట్టి మీద పడి చిందినప్పుడు ఆకు మీదికి ఎక్కుతుంది. మొక్క మొదలంతా నల్లబడితే మందుకి లొంగదు. పీకి దూరంగా పారేయండి. అదే గోతిలో ఆ సీజన్లో ఇంకో బిళ్ళగన్నేరు పెట్టకండి. పక్క మొక్కల మొదళ్ళు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పోస్తే వాటిని కాపాడుకోవచ్చు. నీళ్ళు ఎప్పుడు పోసినా పొద్దున్నే, మొదట్లోనే పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే ఆ తడి రాత్రంతా ఉండిపోతుంది, తెగులుకి కావలసింది అదే.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగిపోతుంది.

ఇది చాలామంది పెద్దల నుంచి నేర్చుకున్న పద్ధతి, చెబితే నమ్మడం కష్టం. కానీ జరిగేది తలకిందులుగా ఉంటుంది. మెత్తటి మట్టిలోని నీరు పెద్ద రాళ్ళ మధ్యనున్న ఖాళీలోకి వెంటనే జారదు. మట్టి పూర్తిగా నానిపోయి, ఇక పట్టలేనప్పుడే దిగుతుంది. అందువల్ల ఎప్పుడూ తడిగా ఉండే పొర ఒకటి రాళ్ళకి సరిగ్గా పైన ఏర్పడుతుంది. రాళ్ళు లేకపోతే ఆ పొర కుండీ అడుగున ఉండేది. రాళ్ళు వేసి దాన్ని మనమే వేరు దగ్గరికి ఎత్తిపెట్టినట్టయింది. కన్నం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో, దోమతెర ముక్కో చాలు. మార్చాల్సింది మట్టిని. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే మన వాతావరణానికి బాగుంటుంది. నాగావళి, వంశధార ఇసుక దొరికేవాళ్ళకి మరీ తేలిక. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఒడ్డున దానంతట అది మొలిచిన మొక్క సంగతి వేరు, కుండీలో ఆ ఉప్పు పేరుకుపోతుంది. కొబ్బరిపొట్టు వేసవిలో ఆదుకుంటుంది గానీ ఆగస్టులో నీటిని పట్టుకుని వదలదు, అందుకని ఈ మొక్కకి నేను తక్కువే వాడతాను.

నేలలో అయితే జానెడు ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. వరి పండే బంకనేలలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి. శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానం వైపు ఇసుకనేలల్లో అంత అవసరం రాదు.

అపోహ: ఏ మొక్కయినా తొలకరిలోనే నాటాలి.

మామిడికి, జీడికి సరే. బిళ్ళగన్నేరు లేతమొక్కకి జూలై, ఆగస్టు నెలలే గండం. నారుకుళ్ళు వచ్చి మొదలు దగ్గర సన్నబడి పడిపోతుంది. దసరా రోజుల్లో చూరు కింద గింజలు వేసి, కార్తీకమాసం వెళ్ళి తుఫాన్ల భయం తగ్గాక నేలలో పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. నేలలో ఇంకా తడి ఉంటుంది, ఎండ తీవ్రత ఉండదు, మే వచ్చేలోపు వేరు దిగడానికి కావలసినంత గడువు దొరుకుతుంది. గింజకి చీకటి కావాలి. పైన చల్లి వదిలేస్తే మొలక పలచగా వస్తుంది. అర సెంటీమీటరు మట్టి కప్పి, మొలిచేదాకా గోనె పట్టా వేసి ఉంచండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి, మొలక కనబడగానే పట్టా తీసేయండి. నాలుగు జతల ఆకులు వచ్చాక చిగురు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. హైబ్రిడ్ మొక్క గింజలు వేస్తే తల్లి రంగే వస్తుందన్న నమ్మకం లేదు. ఆ రంగే కావాలంటే కొమ్మ ముక్క నాటుకోవాలి.

అపోహ: ఎరువు ఎంత వేస్తే అంత పూత.

నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాండం మెత్తబడుతుంది, తెగులు సులువుగా ఎక్కుతుంది, పూత తగ్గుతుంది. నేలలో మొక్కకి ఏడాదికి రెండుసార్లు గుప్పెడు మాగిన ఎరువు చాలు. పూత తగ్గిందంటే ముందు ఎండ ఎంత తగులుతోందో చూడండి. రోజుకి ఆరు గంటల ఎండ లేనిచోట ఏ ఎరువూ పూలు పూయించదు.

అపోహ: ఆకు పసుపైతే ఎరువు చాలలేదు.

ఏ ఆకు పసుపైందో చూడాలి. కింది ముదురాకులు పసుపై రాలుతుంటే నత్రజని తక్కువై ఉండొచ్చు, లేదా నీరు ఎక్కువై ఉండొచ్చు. వేలు దించి చూస్తే తేలిపోతుంది. కొసన ఉన్న లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. ఈ మొక్కకి కాస్త పులుపు నేల నచ్చుతుంది. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే నేల క్షారం వైపు తిరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి మరోసారి చేయండి. వానాకాలంలో డాబా మీది వాననీళ్ళు డ్రమ్ములో పట్టుకుని కుండీలకి వాడుకోవచ్చు. ఇలాంటి మొక్కకి గుడ్డుపెంకుల పొడి వేయమని సలహాలు తిరుగుతున్నాయి. గుడ్డుపెంకు అంటే సున్నమే. ఇక్కడ దానితో పని లేదు.

అపోహ: రోజూ పరగడుపున రెండు బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగర్ తగ్గిపోతుంది.

మొక్క కొనేటప్పుడు "తెల్లపూలదే ఇవ్వండి, మందుకి" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. వాళ్ళకి నేను మొక్క ఇచ్చేముందు ఈ కథంతా చెబుతాను.

జమైకాలో ఈ ఆకు కషాయాన్ని షుగర్‌కి తాగేవారు. 1950లలో అక్కడి ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకుల చేతికి చేరాయి. షుగర్ తగ్గుతుందేమోనని ఆకు సారాన్ని ఎలుకలకి ఎక్కించి చూశారు. షుగర్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఎముక మజ్జ దెబ్బతిని, ఇన్ఫెక్షన్లు సోకి చనిపోయాయి. దానికి కారణం వెతికితే దొరికిందే విన్‌బ్లాస్టిన్ అనే రసాయనం, అదే తర్వాత క్యాన్సర్ మందయింది. ఆ ఫలితాలు 1958లో వెలువడ్డాయి. ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ 1963 నుంచి అమెరికాలో ఆమోదం పొందిన మందు. పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు. విపరీతంగా విభజన చెందే కణాలని ఆపే శక్తి ఈ మందులది. అందుకే క్యాన్సర్ మీద పనిచేస్తాయి, అందుకే మజ్జనీ దెబ్బతీస్తాయి. నరాలకీ హాని చేస్తాయి. వందల కిలోల ఎండుటాకు నుంచి గ్రాముల్లో తీసి, కొలిచి, డాక్టర్ల కళ్ళెదుట రక్తనాళంలోకి ఎక్కించే మందు అది.

తెల్లపూల మొక్కలోనూ గులాబీపూల మొక్కలోనూ ఈ ఆల్కలాయిడ్లు, అంటే పైన చెప్పిన లాంటి రసాయనాలు, ఉంటాయి. తర్వాత జంతువుల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో షుగర్ తగ్గినట్టు కనబడింది, నిజమే. కానీ మనిషి ఎన్ని ఆకులు తింటే క్షేమమో చెప్పే లెక్క ఏదీ స్థిరపడలేదు. ఒక ఆకులో ఉన్నంత పక్క ఆకులో ఉండదు. షుగర్ మాత్రలు వేసుకుంటూ ఇదీ నమిలితే ఏమవుతుందో ఊహించలేం. గర్భిణులు దీని జోలికి అసలు పోకూడదు. కిడ్నీ జబ్బు ఇన్ని కుటుంబాలని పీడిస్తున్న ఉద్దానం మన జిల్లాల్లోనే ఉంది. అలాంటి చోట అన్నలారా, అప్పలారా, కొలత తెలియని ఆకు కడుపులోకి పంపకండి. పూలు చూసుకోండి, పూజకి కోసుకోండి. ఇంట్లో పాకే పిల్లలుంటే కుండీ అందని ఎత్తులో పెట్టండి.

అపోహ: శ్మశానాల్లో పెరిగే మొక్క ఇంట్లో ఉండకూడదు.

శ్మశానంలో నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, అక్కడికి వచ్చే మేకలూ ఆవులూ ఈ చేదాకు ముట్టవు. మిగిలిన మొక్కలు పోయిన చోట ఇది మిగులుతుంది. కంచె లేని పెరడు ఉన్నవాళ్ళకి అదే పెద్ద లాభం.

అపోహ: ఏడాది దాటితే పీకేసి కొత్తది పెట్టుకోవాలి.

ఇది బహువార్షికం. మొదలు చెక్కబారి, కాళ్ళు సాగి, కొసనే నాలుగు పూలు పూస్తుంటే సంక్రాంతి వెళ్ళాక మూడో వంతు కత్తిరించండి. కొమ్మ మీద పచ్చటి ఆకులు కొన్ని మిగిలేలా చూడండి, వట్టి చెక్కదాకా కోస్తే చిగురు రాకపోవచ్చు. వానాకాలంలో కత్తిరించకండి, కోసిన చోట తెగులు దిగుతుంది. ఫిబ్రవరిలో చిగురు వేసి ఉగాదికి నిండుగా ఉంటుంది. వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకు పరిచి, కాండానికి నాలుగు వేళ్ళ దూరం వదలండి. తొలకరి పడగానే ఆ ఆకు తీసేయండి.

అపోహ: ఆకుపచ్చ పూలు పూస్తే అది అరుదైన రకం.

ఈ మధ్య ఫోన్లో ఫొటోలు పంపి, దీని కొమ్మ అమ్ముతారా అని అడుగుతున్నారు. పూరేకలు ఆకుల్లా మారడం, ఆకులు చిట్టిచిట్టిగా గుబురుకట్టడం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే జబ్బు. రసం పీల్చే దీపపు పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి. దీనికి పెరట్లో చేయగల వైద్యం లేదు. ఆ మొక్క కొమ్మ నాటితే జబ్బునే నాటినట్టు. వేరుతో సహా పీకి తగలబెట్టండి, చుట్టూ కలుపు తీయండి, మిగిలిన మొక్కల చిగుళ్ళు వారానికోసారి తిప్పి చూసుకోండి.