పసరు మందుకి దక్కిన పేరు

గోదావరి డెల్టాలో ఎవరికైనా కామెర్లొచ్చి కళ్ళు పచ్చబడితే ముందు వినపడేది డాక్టరు పేరు కాదు, పసరు పోసే ఊరి పేరు. పరగడుపునే వెళ్ళాలి. మందు పడ్డాక నూనె, ఉప్పు ముట్టకూడదు, మజ్జిగన్నమే పథ్యం. కొన్నిచోట్ల చేతిమీద వాత కూడా పెట్టేవారు. నెల తిరిగేసరికి పచ్చదనం పోయేది. పేరు పసరుకి వచ్చేది.

ఆ పేరులో పెద్ద వాటా రోగి ఒంటికే చెందాలి. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తే చాలా ఊళ్ళకి చెరువే దిక్కు. అలాంటి నీళ్ళలో మురుగు కలిస్తే అంటుకునే హెపటైటిస్ (లివర్‌కి సోకే వైరస్ జబ్బు) ఎ, ఇ రకాలు దాదాపు అందరికీ వాటంతటవే తగ్గిపోతాయి (నెలలు నిండిన గర్భిణికి మాత్రం ఇ ప్రాణాల మీదికి తేగలదు). రక్తం ద్వారా పాకే బి పెద్దవాళ్ళకి సోకితే నూటికి 95 మంది దాకా ఆర్నెల్లలో వదిలించుకుంటారు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే లెక్క తలకిందులవుతుంది, నూటికి 90 మంది పిల్లల్లో ఉండిపోతుంది.

సి కథ వేరు. మందు లేకుండా బయటపడేది సుమారు నాలుగోవంతు మందే. ఆ నాలుగోవంతులో ఎవరుంటారు?

దీనికో ఆధారం ఐర్లండ్‌లో దొరికింది. 1977–78లో అక్కడ ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం ఉన్న బాలింతలకి, తర్వాతి కాన్పుకి ఇబ్బంది రాకుండా ఇచ్చిన యాంటీ-డి ఇంజెక్షన్‌లో హెపటైటిస్ సి కలిసిపోయింది. తర్వాత పరీక్షిస్తే 704 మందిలో సోకిన గుర్తులు కనిపించాయి, కానీ వైరస్ ఇంకా ఉన్నది 390 మందిలోనే. అందరికీ వచ్చింది ఒకచోటి నుంచే, అందరూ వయసులో ఉన్న ఆడవాళ్ళే. ఇక తేడా ఒంట్లోనే వెతకాలి. వెతికితే హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యురకం ఉన్నవాళ్ళు ఎక్కువగా గెలిచినట్టు తేలింది.

మన కణాలు తమ లోపలి ప్రొటీన్ల ముక్కల్ని పైకి పట్టి టీ కణాలకి (ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం) చూపిస్తాయి. పట్టి చూపించేవి హెచ్‌ఎల్‌ఏ అణువులు. వల కన్నుని బట్టి చేప పడ్డట్టు, మన హెచ్‌ఎల్‌ఏని బట్టే ఏ ముక్క చిక్కుతుందన్నది. ఎవరి వల వాళ్ళ అమ్మానాన్నలు ఇచ్చిందే. బి27కి చిక్కేది వైరస్ తన నకళ్ళు తీసుకోవడానికి వాడే ఎంజైములో ముక్క. దాన్ని మార్చుకుని తప్పించుకోబోతే వైరస్‌కి నకళ్ళు తీయడమే కష్టమవుతుంది. ఇదే బి27 కొందరికి వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు కూడా తెచ్చిపెడుతుంది. ఇంటిల్లిపాదికీ మేలు చేసే వారసత్వం ఎక్కడైనా ఉందా!

2009లో 19వ క్రోమోజోము మీద, ఇంటర్‌ఫెరాన్ లాంబ్డా (వైరస్ సోకితే ఒళ్ళు తయారుచేసుకునే ప్రొటీన్లు) జన్యువుల పక్కన, డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా బయటపడింది. అక్కడ రెండు ప్రతుల్లోనూ సి అక్షరం ఉన్నవాళ్ళు హెపటైటిస్ సిని సొంతంగా వదిలించుకునే అవకాశం బాగా ఎక్కువ. తూర్పు ఆసియాలో ఈ రకం చాలామందికి ఉంటుంది, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో తక్కువ. 2013లో ఇంకో వింత తేలింది. పక్కనే ఉన్న ఐఎఫ్‌ఎన్‌ఎల్4 జన్యువు పనిచేసేవాళ్ళకంటే చెడిపోయినవాళ్ళే వైరస్‌ని బాగా ఓడిస్తున్నారు! వైరస్‌తో పోరాడాల్సిన ఇంటర్‌ఫెరాన్ ఒకటి లేకపోవడమే వాళ్ళకి కలిసొచ్చిందన్నమాట.

మళ్ళీ పసరు దగ్గరికి వద్దాం. బి, సి వైరస్‌లు లివర్ కణాల్ని చాలావరకు నేరుగా చంపవు. వైరస్ దూరిన కణాల్ని మన టీ కణాలే చంపుతాయి. కళ్ళు పచ్చబడ్డాయంటే లోపల యుద్ధం జోరుగా ఉందని. అందుకే సి సోకినప్పుడు కామెర్లు వచ్చినవాళ్ళే, రానివాళ్ళకంటే ఎక్కువగా దాన్ని వదిలించుకుంటారు. అంటే పసరు పోసేవాడి గుమ్మం ముందు నిలబడే జనంలో అప్పటికే సగం యుద్ధం గెలిచేసినవాళ్ళే ఎక్కువ. పచ్చబడనివాళ్ళు ఆ గుమ్మం దాకా రానేరారు. వాళ్ళ సంగతి ఏ రక్తదాన శిబిరంలోనో, పొట్టలో నీరు చేరాకో తెలుస్తుంది. ముందే తెలిస్తే, సికి ఇప్పుడు 12 వారాల మాత్రలు చాలు.