రెజ్యూమె గురించి మనోళ్ళకున్న అపోహలు - వాస్తవాలు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల ఫార్మా కంపెనీ హెచ్‌ఆర్‌ల చేస్త, రిక్రూట్‌మెంట్ నా పని. పాలమూరు, నాగర్‌కర్నూల్, దేవరకొండ, చౌటుప్పల్ దిక్కు నుంచి వచ్చే రెజ్యూమెలు రోజూ నా ముందు ఉంటయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, బీఎస్సీ, ఐటీఐ, డిప్లొమా పిల్లలవే ఎక్కువ. వీళ్ళల్ల చానామంది పని వచ్చినోళ్ళు, కానీ ఆ పని కాయితం మీద ఎక్కడా కనపడదు, కనపడనిదాన్ని చూసి మేం ఇంటర్వ్యూకి ఎట్ల పిలుస్తం? ఇది చూసి చూసి బాధైతది, అందుకే రాస్తున్న.

అపోహ: "నేను ఫ్రెషర్‌ని, రాయనీకి నా దగ్గర ఏం లేదు."

అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసేది ఇదే. నల్గొండ దిక్కు అమ్మాయి, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, స్కిల్స్ కింద హార్డ్ వర్కర్, క్విక్ లర్నర్, టీమ్ ప్లేయర్ అని రాసుకొచ్చింది. మాట్లాడుతుంటె మెల్లగా బయటికొచ్చింది, రెండు సీజన్లు వాళ్ళ ఊర్ల ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ల పని చేసిందట. తేమ మీటర్‌తోని రీడింగ్ తీసుడు, 17 శాతం దాటితె ఇంకా ఆరబెట్టమని చెప్పుడు, తూకం రిజిస్టర్ల రాసుడు, ట్యాబ్‌ల ఎంట్రీ చేసుడు అన్నీ తనే. మరి ఇది ఎందుకు రాయలేదమ్మా అంటె "అది జాబ్ కాదు కద సార్" అన్నది.

క్యూసీ ల్యాబ్‌ల, అంటె మందు నాణ్యత చూసే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌ల, మేం చేసేదేంది? శాంపిల్ తీసుకునుడు, పరికరంతోని కొలుసుడు, లిమిట్‌ల ఉందా లేదా చూసుడు, ఎప్పటిది అప్పుడే రికార్డ్ చేసుడు. రైతు ఎదురుంగ నిలబడి గట్టిగ అడుగుతున్నా వచ్చిన రీడింగే రాసిన పిల్ల అంటె మాకు మస్తు విలువ. ఎందుకంటే డేటా ఇంటెగ్రిటీ అని ట్రైనింగ్‌లు పెట్టి మేం నేర్పేది ఆ ఒక్క గుణమే, ఆడిటర్లు వచ్చి వెతికేది కూడ అదే.

మెడికల్ షాపుల కూర్చున్న బీఫార్మసీ పిలగాడు బ్యాచ్ నంబర్లు చూసి ఎక్స్‌పైరీ స్టాక్ వాపస్ పంపిండు, ఇన్సులిన్ ఫ్రిజ్‌ల టెంపరేచర్ చూసిండు, అది రాయడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి బోరు మోటార్ల వైండింగ్ షాపుల రెండేండ్లు చేసినోడు కూడ ఫ్రెషర్ అనే రాస్తడు. మా మెయింటెనెన్స్‌ల మోటార్ కాలిపోయినప్పుడు ఫేజ్ పోయిందా, బేరింగ్ పట్టేసిందా, ఓవర్‌లోడా అని చెప్పేటోడే కావాలె.

కాబట్టి ఎక్కడ చేసిన్రు, ఏ నెల నుంచి ఏ నెల దాక, చేతులతోని ఏం చేసిన్రు, రోజుకు ఎంత, ఈ నాలుగు సంగతులు మూడు లైన్లల్ల రాయండి. పేపర్ల ఆఫర్ లెటర్ లేకున్నా పర్లేదు, చేసిన పని పనే. ఉన్నదాన్ని పెంచి మాత్రం రాయకండి, తూకం రాసినోళ్ళు సెంటర్ ఇన్‌చార్జ్ అని రాసుకోవద్దు. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కూడ టైటిల్ ఒక్కటే రాసి వదిలేస్తరు, టీఎల్‌సీ పెట్టి రియాక్షన్ చూసిన, కాలమ్ వేసి ప్యూరిఫై చేసిన, మెల్టింగ్ పాయింట్ తీసిన అని మీరు నిజంగ చేసింది రాయండి.

అపోహ: "పైన కెరీర్ ఆబ్జెక్టివ్ ఘనంగ ఉండాలె."

బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్ల ఒక ఫార్మాట్ ఉంటది, పేరు మార్చి ప్రింట్ ఇస్తరు, ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌ల పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడత అనే ఆ నాలుగు లైన్లు అందరి రెజ్యూమెలల్ల ఒకటే, కొన్నిట్ల అంతకు ముందు ప్రింట్ తీసుకున్నోళ్ళ కాలేజీ పేరు కూడ అట్లనే మిగిలిపోయి వస్తది. మొదటి చూపు పడే జాగా అది, ఖరాబ్ చేయకండి. అక్కడ మీరెవరు, ఏ డిపార్ట్‌మెంట్‌కు అప్లై చేస్తున్నరు, ఏం వచ్చు అని రెండు లైన్లు చాలు. క్యూసీకి పంపేటప్పుడు ఒక తీరు, ప్రొడక్షన్‌కు పంపేటప్పుడు ఇంకో తీరు, పై అయిదారు లైన్లు మారాలె, కిందదంతా అదే ఉన్నా నడుస్తది.

అపోహ: "మెషిన్ల పేర్లు, సాఫ్ట్‌వేర్ల పేర్లు ఎన్ని రాస్తె అంత మంచిది."

హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్, యూవీ, కార్ల్ ఫిషర్ అని వరుసగ పెడతరు. ఇంటర్వ్యూల మా ల్యాబ్ ఆయన ఏ కాలమ్ వాడిన్రు, మొబైల్ ఫేజ్ ఏంది, పీక్ టెయిలింగ్ వస్తె మొదట ఏం చూస్తరు అని అడిగితె సప్పుడుండదు, ఆ తర్వాత మిగిలిన నాలుగు నిజమే అయినా నమ్మబుద్ధి కాదు. మీరు నడిపినవి వేరే, చూసినవి వేరే పెట్టండి. కాలేజీల డెమో చూసిన అంటె డెమో చూసిన అనే రాయండి, ఫ్రెషర్ దగ్గర మేం అంతకంటె ఎక్కువ ఆశించం.

ఎక్స్‌పీరియెన్స్ ఉన్నోళ్ళకు ఇంకో మాట. కంప్రెషన్ (గోలీలు ఒత్తే) డిపార్ట్‌మెంట్‌ల పనిచేసిన అంటె నాకు ఏం తెల్వది. 27 స్టేషన్ల కంప్రెషన్ మెషిన్ నడిపిన, మా ఎస్‌ఓపీ (పని ఎట్ల చేయాల్నో రాసిన కాయితం) ప్రకారం అరగంటకొకసారి వెయిట్, హార్డ్‌నెస్, థిక్‌నెస్ చెక్ చేసి బీఎంఆర్‌ల (బ్యాచ్ తయారీ రికార్డ్‌ల) ఎంట్రీ చేసిన, టూలింగ్ మార్చిన అంటె మనిషి కండ్ల ముందట కనపడతడు. కాకపోతె పాత కంపెనీ ప్రొడక్ట్ వివరాలు, బ్యాచ్ నంబర్లు, ప్రాసెస్ రహస్యాలు రాయకండి. అవి రాసుకొచ్చినోళ్ళను చూస్తె రేపు మావి కూడ ఇట్లనే బయట పెడతరు కదా అనిపిస్తది.

అపోహ: "సాఫ్ట్‌వేరే రిజెక్ట్ చేస్తది, దాన్ని మోసం చేసే ట్రిక్కులు కావాలె."

ఎటిఎస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చిన రెజ్యూమెలను ఒక్క దగ్గర జమ చేసి, వెతకనీకి వీలుగ చేస్తది. కొన్ని చోట్ల ఫారంల అడిగిన డిగ్రీ లేకపోతె అక్కడ్నే ఆపేస్తరు, అది నిజమే, కానీ ఎక్కువ శాతం చూసేది, పక్కన పెట్టేది మనిషే. అసలు ఇబ్బంది ఏడ వస్తదంటె, జిరాక్స్ కాపీని ఫోన్‌తోని ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపుతరు. అది బొమ్మ, దాంట్ల అక్షరాలు ఉండవు, మేం హెచ్‌పీఎల్‌సీ అని వెతికితె మీ పేరు రాకపోవచ్చు. వర్డ్‌ల టైప్ చేసి అక్కడ్నుంచే పీడీఎఫ్ తీయండి. రెండు కాలమ్‌ల రంగు రంగుల టెంప్లేట్లల్ల అటుది ఇటు కలిసిపోతది, ఫోన్ నంబర్ హెడర్‌ల పెడితె కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. పరికరం పేరు ఒకసారి పొట్టిగ, ఒకసారి పూర్తిగ రాస్తె ఎట్ల వెతికినా దొరుకుతది. తెల్ల అక్షరాలతోని కీవర్డ్‌లు దాచిపెట్టుడు మాత్రం అస్సలు వద్దు, టెక్స్ట్ బయటికి తీసినప్పుడు అవన్నీ మాకు కనపడతయి. నౌక్రీ అనే జాబ్ వెబ్‌సైట్‌ల ప్రొఫైల్ పెట్టినోళ్ళు అప్పుడప్పుడు లాగిన్ అయి అప్‌డేట్ చేస్తుండండి, ఈ మధ్య యాక్టివ్‌గ ఉన్నోళ్ళనే మేం ముందు చూస్తం.

అపోహ: "గ్యాప్ ఉంటె జాబ్ రాదు, ఎట్లనన్న నింపాలె."

మన దగ్గర గ్యాప్ అంటె సగం మందికి గ్రూప్స్ ప్రిపరేషనే. 2022 గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు రాసిన్రు, రెండుసార్లూ రద్దయింది, 2024ల 563 పోస్టులతోని మళ్ళ కొత్త నోటిఫికేషన్ వచ్చింది. దాంట్ల పిల్లల ఏండ్లు పోయినయి, వాళ్ళ తప్పేముంది? ఫలానా నెల నుంచి ఫలానా నెల దాక పోటీ పరీక్షల ప్రిపరేషన్ అని ఒక్క లైన్ రాయండి, ఇప్పుడు జాబ్‌కే పూర్తిగ వస్తున్నరా అని అడుగుతం, దానికి ఇంట్ల మాట్లాడుకొని జవాబు రెడీ పెట్టుకోండి. డెలివరీ, ఇంట్ల పెద్దోళ్ళకు బాగ లేకపోవుడు కూడ అంతే, ఒక లైన్.

గ్యాప్ నింపనీకి ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ కొనుక్కునేటోళ్ళున్నరు, ఇది దయచేసి చేయకండి. వెరిఫికేషన్‌ల పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతరు, యూఏఎన్ అనే మీ పీఎఫ్ నంబర్ కింద ఏ కంపెనీల ఎప్పుడు చేరిన్రు ఎప్పుడు మానేసిన్రు అన్నీ ఉంటయి. పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడ చూస్తరు. చేరినంక ఆర్నెల్లకు దొరికినా తీసేస్తరు, అప్పుడు ఉన్న ఒక్క నిజమైన గ్యాప్ పక్కన చెప్పుకోలేని ఇంకో గ్యాప్ వస్తది.

చిన్న చిన్నవి: ఆధార్ నంబర్, పాన్ నంబర్, కులం, మతం, పెండ్లి అయిందా లేదా, ఇవేవీ రెజ్యూమెల అక్కర్లేదు, ఆధార్ అయితె అస్సలు పెట్టొద్దు, ఎవరెవరి చేతులల్లకు పోతదో తెల్వది. పైన రాసిందంతా నిజమని డిక్లరేషన్, సంతకం ప్రైవేట్ జాబ్‌కు అవసరం లేదు. ఫ్రెషర్‌కు ఒక పేజీ చాలు, ఏడెనిమిదేండ్ల అనుభవం ఉంటె రెండు పేజీలు, ఒక పేజీల ఇరికించాలని అక్షరాలు చీమలంత చేయకండి. ఫైల్‌కు మీ పేరు, డిపార్ట్‌మెంట్ పెట్టండి. ఫోన్ నంబర్ మీదే ఇవ్వండి, నాన్నది ఇస్తె ఆయన పొలం కాడ ఉంటడు, మా ఫోన్ ఎత్తేటోళ్ళుండరు. జాబ్ ఇప్పిస్తమని ముందే పైసలు అడిగేటోళ్ళకు రెజ్యూమె కూడ ఇవ్వకండి, నికార్సైన కంపెనీ జాబ్‌కు మీ దగ్గర పైసలు తీసుకోదు.

అపోహ: "తెలుగు మీడియం, ఊరి అడ్రస్ కనపడితె పక్కన పెడతరు."

మీడియం రాయమని ఎవరూ అడగరు, రాసినా మాకు పట్టింపు లేదు. ఎస్‌ఓపీ చదివి అర్థం చేసుకునుడు, లాగ్‌బుక్‌ల తప్పు లేకుండ రెండు లైన్ల ఇంగ్లిష్ రాసుడు వస్తె ప్లాంట్‌ల సగం పని నడుస్తది, అది చేరినంక కూడ వస్తది. అడ్రస్ సంగతైతె మీరనుకునేదానికి ఉల్టా. షిఫ్టుల నడిచే ప్లాంట్‌కు దగ్గర ఉన్నోళ్ళే కావాలె, హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్ళు నైట్ షిఫ్ట్ అంటె కొన్ని నెలలకే మానేస్తరు. ఇంటి నంబర్‌తో సహా పూర్తి అడ్రస్ వద్దు, ఊరు, మండలం రాయండి, కంపెనీ బస్సు మీ దిక్కు వస్తదని తెలిస్తె ఆ స్టాప్ పేరు రాయండి, మూడు షిఫ్టులకూ రెడీ అయితె ఆ మాట కూడ దాని పక్కనే పెట్టండి.