సముద్రం పక్కకి మారాక పని వెతుక్కోవడం: నేను రోజూ వినే అపోహలు

తీరంలోని చిన్న ఊళ్లకి కొత్తగా వచ్చినవాళ్లకి పని వెతికిపెట్టడం నా వృత్తి. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లు మొదట అనే మాట దాదాపు ఒకటే: "ఇక్కడ సముద్రం తప్ప ఏమీ లేదండీ."

అందులో సగం నిజం ఉంది. మ్యాపులో మీ ఇంటిని మధ్యలో పెట్టి ముప్ఫై కిలోమీటర్ల గుండ్రం గీయండి. సముద్రానికి దూరంగా ఉన్న ఊరైతే ఆ గుండ్రం నిండా ఊళ్లూ ఆఫీసులూ గోడౌన్లూ కనిపిస్తాయి. ఒడ్డున ఉన్న ఊరికి సగం గుండ్రం నీళ్లే. మిగిలిన సగంలోకి వెళ్లడానికి కూడా చాలాచోట్ల ఒకటే రోడ్డు, చీకటి పడకముందే వెళ్లిపోయే చివరి బస్సు. కాబట్టి ఉద్యోగాలు తక్కువన్నది అపోహ కాదు. ఆ మాట పట్టుకుని జనం చేసే పనుల్లోనే అపోహలు దాగున్నాయి.

అపోహ: ఆన్‌లైన్‌లో ప్రకటనలు లేవంటే ఊళ్లో పని లేనట్టే

ఒకాయన వచ్చారు. అకౌంటెంటు, పదిహేనేళ్ల అనుభవం. భార్యకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని వెంట వచ్చేశారు. రెండున్నర నెలల్లో డెబ్భై దరఖాస్తులు పంపానని ఫోన్ తెరిచి చూపించారు. నేనూ అదే పోర్టల్ తెరిచాను. మా తీరం మొత్తానికి ఆ రోజు ఉన్నవి తొమ్మిది ప్రకటనలు. అందులో నాలుగు ఒకే హోటలువి, అదీ ఒకే ఉద్యోగానికి నాలుగుసార్లు వేసినవి. మిగతా దరఖాస్తులన్నీ ఆయన రెండొందల కిలోమీటర్ల అవతలి నగరానికి పంపుకున్నవే.

పన్నెండు గదుల లాడ్జికి హెచ్‌ఆర్ విభాగం ఉండదు. నాలుగు బోట్లున్న యజమాని ప్రకటన రాయడు. మనిషి మానేస్తే ఉన్నవాళ్లని పిలిచి "మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా?" అంటాడు. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వస్తారు. ఆ "ఎవరో ఒకరి" జాబితాలోకి మీ పేరు చేరాలి. దరఖాస్తులు పంపినంత మాత్రాన అది చేరదు.

"నాకు ఇక్కడ చుట్టాలూ లేరు, స్నేహితులూ లేరు, నా పేరెవరు చెబుతారు?" అని అడుగుతారు. అంత దగ్గరివాళ్లు అక్కర్లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఒక ప్రశ్న అడిగాడు: ఆ మాట చెప్పిన మనిషిని అప్పట్లో మీరెంత తరచుగా కలిసేవారు? తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. కారణం కష్టమైందేమీ కాదు. మన ఇంట్లోవాళ్లకీ ప్రాణస్నేహితులకీ మనకి తెలిసిందే తెలుస్తుంది. బస్సులో పక్క సీటు మనిషికీ బడి గేటు దగ్గర కనబడే తల్లికీ వేరే లోకం తెలుసు. గ్రానోవెటర్ అడిగింది నగర శివారులో ఆఫీసు ఉద్యోగాలు చేసేవాళ్లని, నిజమే. కానీ చిన్న తీరపు ఊళ్లో ఇది ఇంకా గట్టిగా పనిచేయడం నేను చూస్తూనే ఉన్నాను.

నేరుగా వెళ్లి అడిగేవాళ్లకి వేళ తెలియాలి. హోటలుకి చెక్ అవుట్ వేళ వెళ్తే రిసెప్షన్‌లో మీ మొహం ఎవరూ చూడరు. చెక్ ఇన్ వేళా అంతే. ఆ రెండూ తప్పించి, వారం మధ్యలో వెళ్లండి. భోజనాల హోటలుకి మధ్యాహ్నం రద్దీ తగ్గి సాయంత్రం పొయ్యి వెలిగించే లోపల. చేపల రేవుకైతే వేలం ముగిసి, లెక్కలు తేలి, మనుషులు గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు. బోట్లు వచ్చే వేళ ఆటుపోట్లని బట్టి మారుతుంది కాబట్టి ముందురోజే అక్కడ ఎవరినైనా అడిగి ఉంచుకోండి.

ఇంకొకటి. "ఏ పనైనా పర్లేదండీ" అనొద్దు. వినయంగా ఉంటుందని అంటారు గానీ, ఆ మాటతో ఆలోచించే పని ఎదుటివాడి నెత్తిన పడేసినట్టవుతుంది. "శనాదివారాలు పొద్దున్నే ఐదింటికి రాగలను, సొంత బండి ఉంది, లెక్కలు రాయడం వచ్చు" అంటే ఆయనకి ఏదో ఖాళీ గుర్తొస్తుంది. చివరి బస్సు సమస్య ఉన్న ఊళ్లో సొంత బండి ఉందన్న మాట డిగ్రీ కంటే బరువు తూగడం చాలాసార్లు చూశాను.

అపోహ: సీజన్ మొదలవగానే వెళ్తే చాలు, పని అదే దొరుకుతుంది

సీజన్ మొదలయ్యేసరికి మనుషుల్ని తీసుకోవడం అయిపోతుంది. రెండు మూడు నెలల ముందే యజమానులు పాతవాళ్లకి ఫోన్లు చేస్తారు, వచ్చేదెవరో తేల్చుకుంటారు, మిగిలిన ఖాళీలకి కొత్తవాళ్లని చూస్తారు. గిరాకీ మీద ఉన్న హోటలువాడికి మీకు పని నేర్పే తీరిక ఉండదు.

ఆ తలుపు మూసుకుపోయిందని ఇంట్లో కూర్చోకండి. సీజన్ మధ్యలో కొందరు మానేస్తారు. చదువులకి వెళ్లిపోయేవాళ్లు, గొడవపడి వెళ్లేవాళ్లు, నడుం పట్టేసి ఆగిపోయేవాళ్లు. మొదలైన మూడు నాలుగు వారాలకి రెండో విడత ఖాళీలు వస్తాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే పోటీ తక్కువ.

నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ఒక కాగితం మీద పన్నెండు గళ్లు గీయిస్తాను, నెలకొకటి. ముందు ఊరి నెలలు రాయాలి: జనం వచ్చే నెలలు, వాన గాలి నెలలు, వేట ఆగే నెలలు. తర్వాత ఏ నెలలో తాము ఏ పని చేస్తారో ఆ గడిలో నింపాలి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపేసే నిబంధన చాలా దేశాల్లో ఉంది. అప్పుడు బోట్లన్నీ గట్టు మీదకొస్తాయి. రంగులు, ఇంజను పని, ఫైబర్‌గ్లాస్ అతుకులు, వలల మరమ్మతు అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. హోటళ్లు కూడా జనం లేని నెలల్లోనే గదులు విప్పి బాగుచేయించుకుంటాయి. బయటివాళ్లకి ఊరు నిద్రపోతున్నట్టు కనిపించే ఆ నెలల్లో మేస్త్రీలకీ ఎలక్ట్రీషియన్లకీ ఊపిరాడదు.

అకౌంటెంటు గారి కాగితంలో మొదటి రోజు ఒక్క గడీ నిండలేదు. ఆయన పన్నెండు గళ్లకీ సరిపోయే ఒకే ఉద్యోగం కోసం వెతుకుతున్నారు మరి. ఇలాంటి ఊళ్లో అలాంటి ఉద్యోగాలు ఉన్నవి కొన్నే: బడి, ఆసుపత్రి, నీళ్ల విభాగం, పంచాయతీయో మున్సిపాలిటీయో. వాటిలో ఉన్నవాళ్లు కదలరు. అవి వచ్చేదాకా మూడు ముక్కల్ని కలిపి ఏడాది చేసుకోవాలి.

సీజన్ ఆఖర్న జీతం లెక్క చూసుకుని చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు కోపమే వస్తుంది. ఆ చివరి వారమే అసలు ఇంటర్వ్యూ. "వచ్చే ఏడు నన్ను పిలుస్తారా? ఏ తేదీకి?" అని అడిగి, వీలైతే రాతలో తీసుకోండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న తీరు యజమానుల్లో ఉంది, కాదనను. రాతలో అడిగినవాడిని మర్చిపోవడం మాత్రం కొంచెం కష్టం.

అపోహ: తీరంలో పనంటే సముద్రం మీద పనే

నౌక మీద పనికి ధైర్యం, ఈత ఉంటే సరిపోవు. అంతర్జాతీయంగా తిరిగే వాణిజ్య నౌకల్లో పనిచేయాలంటే నావికుల శిక్షణ గురించి 1978లో కుదిరిన ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రాథమిక భద్రతా శిక్షణ ఉండాలి: నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, నౌక మీద వ్యక్తిగత భద్రతా బాధ్యతలూ. వైద్య పరీక్ష సర్టిఫికెట్ గరిష్ఠంగా రెండేళ్లే చెల్లుతుంది, పద్దెనిమిది నిండనివాళ్లకి ఏడాదే. నౌక నడుస్తుండగా వంతులవారీగా నిఘా డ్యూటీ చేసేవాళ్లకి రంగులు గుర్తుపట్టే పరీక్ష కూడా ఉంటుంది. కోర్సుకి డబ్బు కట్టేశాక రంగుల పరీక్షలో ఆగిపోయిన కుర్రాణ్ని చూశాను. ముందు కళ్లు చూపించుకోండి, తర్వాత ఫీజు కట్టండి.

నిజానికి నేను పని చూపించినవాళ్లలో ఎక్కువమంది పాదాలు తడవనివాళ్లే. ఉప్పుగాలి ఇక్కడ పెద్ద యజమాని. ఏసీ బయటి యూనిట్‌లో రాగి గొట్టం, అల్యూమినియం రెక్క కలిసేచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. కాంక్రీటులోకి ఉప్పు దిగితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న పెచ్చు ఊడిపోతుంది. తాళాలు, గేట్లు, నీళ్ల మోటార్లు, ఫ్రీజర్లు అన్నింటికీ ఇదే గతి. చేతిపని వచ్చినవాడికి తీరంలో సీజన్ లేదు. రిటైరైనవాళ్లు చేరే తీరాలైతే వృద్ధుల సంరక్షణ పని కూడా ఏడాది పొడవునా ఉంటుంది. కష్టమైన పని, జీతం తక్కువ, కానీ జనం వచ్చినా పోయినా ఆగదు.

అపోహ: ఏజెంటుకి కొంత కట్టుకుంటే దారి తొందరగా తెరుచుకుంటుంది

ఇది వినగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. ఉద్యోగాలు తక్కువున్న చోటే ఈ బేరం బాగా సాగుతుంది.

నౌకల మీద పనికి సంబంధించి నిబంధన స్పష్టంగా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించి 2013లో అమల్లోకి వచ్చిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం, ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. నావికుడు పెట్టుకోవలసిన ఖర్చులు మూడే: చట్టబద్ధమైన వైద్య సర్టిఫికెట్, నావికుడి పుస్తకం (అతని గుర్తింపు, ఓడల మీద చేసిన పని నమోదయ్యేది), పాస్‌పోర్టు లేదా అలాంటి ప్రయాణ పత్రం. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే. "వీసా ప్రాసెసింగ్‌కి ఇంత" అని అడిగాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఒడ్డు మీది ఉద్యోగాలకి అదే సంస్థ 1997లో చేసిన 181వ నంబరు ఒప్పందం ఉంది. ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల దగ్గర నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ డబ్బు తీసుకోకూడదని అందులో ఉంది. అయితే కొన్ని మినహాయింపులకి అవకాశం ఉంది, అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు కూడా. కాబట్టి మీరున్న దేశపు కార్మిక శాఖ ఏమంటుందో చూసుకోండి. డబ్బు ఇవ్వకముందు చూసుకోండి.

అపోహ: ముందు ఉద్యోగం దొరకనీ, ఇల్లు తర్వాత చూసుకుందాం

తీరపు ఊళ్లలో ఈ వరస తిరగబడుతుంది. జనం వచ్చే నెలల్లో అద్దె ఇళ్లు రోజువారీ గదులుగా మారిపోతాయి. ఉద్యోగం దొరికీ తలదాచుకోను చోటు లేక వెనక్కి వెళ్లినవాళ్లున్నారు. యజమాని మొదట అడిగేదీ "ఎక్కడుంటున్నారు?" అనే. ఆయనకి కావలసింది రేపు పొద్దున కనబడే మనిషి.

యజమానే గది ఇస్తానంటే మూడు విషయాలు కాగితం మీద పెట్టించుకోండి: జీతంలో గది కింద ఎంత కోస్తారు, గదిలో ఎందరుంటారు, ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి. మూడోది అడగడానికి అందరూ మొహమాటపడతారు. ఉద్యోగం, గది ఒకే రోజు పోయిన ఒకావిడ రెండు సంచులతో నేరుగా నా ఆఫీసుకే వచ్చింది. అప్పట్నుంచి ఆ ప్రశ్న అడిగారా లేదా అని నేనే అడుగుతున్నాను.

అపోహ: ల్యాప్‌టాప్ ఉంటే చాలు, ఎక్కడినుంచైనా పని

వేరే దేశమైతే పర్యాటక వీసా మీద కూర్చుని పనిచేయడానికి చాలాచోట్ల అనుమతి లేదు. పన్ను ఏ దేశానికి కట్టాలన్నది కూడా మీరు అక్కడున్న రోజుల్ని బట్టి మారవచ్చు. 183 రోజుల లెక్క చాలా దేశాల్లో ఉంది, అదొక్కటే కొలమానం కాదు. ఇల్లు తీసుకునే ముందు ఆ ఇంట్లోనే, రాత్రి పూట, ఇంటర్నెట్ వేగం చూడండి. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా.

అపోహ: ఇంత చదివి చిన్న పనిలో చేరితే విలువ పోతుంది

యజమాని భయం వేరే ఉంది. రెజ్యూమేలో పదిహేనేళ్ల అనుభవం చూసి "వీడు నెల తిరక్కుండా పోతాడు" అనుకుంటాడు. అకౌంటెంటు గారి నాలుగు పేజీల రెజ్యూమేని ఒక పేజీ చేశాం. పైన ఒక వాక్యం పెట్టాం: భార్య ఉద్యోగం ఇక్కడే, కనీసం మూడేళ్లు ఈ ఊళ్లోనే ఉంటాం. ఆ వాక్యం చూసే లాడ్జి యజమాని పిలిచారు, ఫ్రంట్ ఆఫీసు పనికి. మొదటి వారం ఇంట్లో మాటల్లేవట.

రెండో నెలలో ఆ యజమాని పన్ను కాగితాలు తెచ్చి కౌంటరు మీద పెట్టారు. తర్వాత పక్క హోటలువి. ఆపైన ఇద్దరు బోటు యజమానులవి. సీజన్ నెలలు ఫ్రంట్ ఆఫీసు, మిగతా నెలల్లో నలుగురి లెక్కలు. మొన్న వచ్చినప్పుడు ఆ పాత కాగితం జేబులోంచి తీశారు, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. పది గళ్లు నిండాయి. వాన నెలలు రెండూ ఖాళీ. ఐస్ ఫ్యాక్టరీవాళ్ల లెక్కల సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో మీకేమైనా తెలుసా అని నన్నడిగారు. తెలియదు, రేపు కనుక్కుంటానన్నాను.