సైకెడెలిక్ రాక్ రికార్డులు: కవరు చూసి మురిసిపోకండి

1960ల నాటి, మత్తులో ఉన్నట్టనిపించే ఈ రాక్ సంగీతపు పాత రికార్డులు కొనేవాళ్లలో ఉండే అపోహలివి.

అపోహ: రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ మీద 1967 అని ఉంటే అది 1967లో అచ్చయినదే.

వాస్తవం: అది పాటలు మొదట విడుదలైన ఏడాది. మళ్లీ ఎప్పుడు ముద్రించినా అలాగే ఉంటుంది. బ్రిటిష్ బృందం పింక్ ఫ్లాయిడ్ తొలి ఎల్‌పీనే (పెద్ద వినైల్ రికార్డు) చూడండి. బ్రిటన్‌లో కొలంబియా బ్రాండు కింద మోనో ఎస్‌ఎక్స్ 6157, స్టీరియో ఎస్‌సీఎక్స్ 6157 నంబర్లతో వచ్చింది. తొలి ముద్రణ లేబుల్ నీలం-నలుపు. దాని మీద ‘సోల్డ్ ఇన్ యూకే’ అని మొదలయ్యే ధర షరతు ఉంటుంది. అదే వెండిరంగు-నలుపు లేబుల్ మీద, గడిలో ఈఎంఐ (కొలంబియా యజమాని కంపెనీ) అని కనిపిస్తే తర్వాతి ముద్రణ.

లేబుల్ తర్వాత చూడాల్సింది చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య ఉన్న నున్నటి పట్టీ. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. ఆ పట్టీ మీద చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ వైపు గుర్తింపు సంఖ్య) కిందకి వచ్చేలా తిప్పితే, గడియారంలో 9 ఉండే చోట మదర్ అంకె, 3 ఉండే చోట స్టాంపర్ అక్షరాలు దొరుకుతాయి. స్టాంపర్ అంటే రికార్డును ఒత్తే లోహపు అచ్చు, మదర్ అంటే ఆ అచ్చులు తీసే మూల పలక. ఈఎంఐ వాళ్ల లెక్క ఇది: జి-1, ఆర్-2, ఏ-3, ఎం-4, ఓ-5, పి-6, హెచ్-7, ఎల్-8, టి-9, డి-0. అంటే ‘ఆర్‌ఓ’ ఉంటే 25వ స్టాంపర్. సంఖ్య చిన్నదైతే ముందు అచ్చయి ఉండే అవకాశం ఎక్కువ, అంతే. దొంగ కాపీల్లో ఈ గుర్తులు ఉండవు, లేదా చేత్తో గీకినట్టుంటాయి. కవరును పది రెట్ల భూతద్దంతో చూడండి. అసలు కవరును ఫొటో తీసి అచ్చేశారంటే సన్న అక్షరాల అంచులు అలుక్కుపోయి కనిపిస్తాయి.

అపోహ: కాపీలు ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ.

వాస్తవం: అడిగేవాడుంటేనే. బ్రిటన్‌లో 1973కు ముందు వందలోపు కాపీలకు పర్చేజ్ ట్యాక్స్ (అప్పట్లో సరుకుల మీద వేసే పన్ను) ఉండేది కాదు, అందుకే సొంత ఖర్చుతో 99 మాత్రమే వేయించుకున్న బృందాలున్నాయి. వాటిలో చాలావాటిని ఎవరూ వెతకడం లేదు. వినదగ్గవి కావు మరి.

అపోహ: గ్రేడు ‘గుడ్’ అంటే బాగున్నట్టే.

వాస్తవం: అమ్మేవాళ్ల భాషలో గుడ్ అంటే గీతలతో, చిటపటలతో నెట్టుకొచ్చేది. ‘వీజీ ప్లస్’ (వెరీ గుడ్ ప్లస్) కంటే కింద కొనేముందు ఆలోచించండి. కంటికి మెరిసేది కూడా మోసం చేస్తుంది: బరువైన పాత ముల్లు గాడిని అరగదీస్తే గీత కనపడదు, గట్టిగా పాడే చోట మాత్రం గొంతు చీలుతుంది. అందుకే పాటల్లో శబ్దం ఎక్కువుండే భాగం వినిపించమని అడగాలి.

అపోహ: ఆల్కహాల్‌తో తుడిస్తే రికార్డు పాడవుతుంది.

వాస్తవం: ఎల్‌పీలు చేసే వినైల్ ప్లాస్టిక్‌కు పల్చని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఏమీ చేయదు. ముప్పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు పావు లీటరు, లేబుల్ తడవకుండా. పాడయ్యేది లక్కతో చేసిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రకం) రికార్డు. 1960ల్లో కలకత్తా డమ్‌డమ్‌లో బీటిల్స్ పాటలు కూడా 78గా అచ్చయ్యాయి కాబట్టి మన పాత బజార్లలో దొరికినది లక్కదో వినైల్‌దో ముందు పరీక్షించుకోండి. పీవీసీ సంచుల్లో మాత్రం దాచకండి, రికార్డు మీద తెల్లటి పొగలాంటి మచ్చ పడి ఇక పోదు. లోపల పాలిథిన్, బయట పాలీప్రొపిలీన్ కవర్లు వాడి నిలువుగా పెట్టండి. మే నెలలో హైదరాబాద్ ఎండలో ఆపిన కారులో మాత్రం పావుగంట కూడా వదలకండి, వంగిన రికార్డును తిన్నగా చేయడం కష్టం.