ఇప్పచెట్టు కింద ఎవరి తెలివి ఎంత? అపోహలు - వాస్తవాలు

అడవిలో కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదురుగా కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు) కట్టడం, కార్డులు మార్చడం, వచ్చిన ఫోటోలు లెక్కపెట్టడం నా పని. 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్ అడవుల్లో చాలా వేసవులు తిరిగాను. కెమెరాలు పెట్టేది పులి కోసమే. కానీ ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే కార్డుల నిండా ఇప్పచెట్టు కింది జాతరే. చుట్టాల పెళ్లికి వెళ్లినా సరే, నా పని సంగతి తెలియగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఎలుగు తాగి తూలుతుందటగా? నక్క దాన్ని మోసం చేసి తినేస్తుందటగా?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి. వాగు పక్కన పెద్ద ఇప్పచెట్టు, మొదలుకు మోకాలి ఎత్తులో కెమెరా. రాత్రి రెండు దాటాక మానుపిల్లి వచ్చింది. 3:40కి ఎలుగుబంటి, వీపు మీద పిల్ల. గంటన్నరకు పైగా అక్కడే తింది. 5:20కి వెళ్లిపోయింది. పదిహేను నిమిషాల్లో నాలుగు దుప్పులు. ఆరు దాటాక గంపలతో ఆడవాళ్లు. ఒకే చెట్టు, ఒకే తిండి. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఫోటోలు వరుసగా చూస్తే పోటీ కన్నా బస్టాండు టైంటేబుల్ గుర్తొస్తుంది.

అపోహ: ఇప్పపువ్వు తిని ఎలుగు మత్తెక్కి తూలుతుంది.

తాజా పువ్వులో ఉండేది చక్కెర, సారా కాదు. సారా కావాలంటే ఎండిన పువ్వును నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పులియబెట్టాలి, తర్వాత బట్టీ పెట్టాలి. ఎలుగు తినేది ఆ రాత్రి, ఆ తెల్లవారుజామున రాలిన పువ్వు. మరి ఎందుకు తూలినట్టు కనిపిస్తుంది? దాని నడకే అంత. ముందరి పాదాలు లోపలికి తిరిగి ఉంటాయి, జూలు ఊగుతుంటుంది, తల దించుకుని నేల నాకుతూ పోతుంది. పువ్వు లేని డిసెంబరులో తీసిన వీడియో చూసినా అదే నడక.

అయితే పులియబెట్టిన కుండల సంగతి వేరు. 2022 నవంబరులో ఒడిశాలోని కియోంఝర్ జిల్లాలో ఇప్పపువ్వు నానబెట్టిన కుండలు పగిలిపోయి, పక్కనే 24 ఏనుగులు నిద్రపోతూ ఊరివాళ్లకు కనిపించాయి. చివరికి డప్పులు కొట్టి లేపారు. అవి నిజంగా తాగి పడుకున్నాయా, మామూలుగా సేద తీరుతున్నాయా అన్నది అటవీ సిబ్బంది కూడా తేల్చి చెప్పలేదు. పేపర్లు మాత్రం తేల్చేశాయి.

అపోహ: నక్క జిత్తులమారి, మిగతావాటిని మోసం చేసి తింటుంది.

నా కెమెరాల్లో నక్క చేసిన అతిపెద్ద జిత్తు, కూర్చోవడం. పులో చిరుతో తిని వదిలేసిన కళేబరం దగ్గర దూరంగా కూర్చుంటుంది, లేస్తుంది, చుట్టూ తిరుగుతుంది, మళ్లీ కూర్చుంటుంది. అవకాశం దొరికితే ఒక ముక్క పట్టుకుని పరుగు. పట్టుమని పది కిలోలుండే జంతువుకు ఓపిక తప్ప వేరే ఆస్తి లేదు. ఎక్కువైన ముక్కను మట్టిలో పూడ్చి దాచుకుంటుంది కూడా. దాన్ని జిత్తు అంటే, మా అమ్మ ఫ్రిజ్‌లో డబ్బా వెనక డబ్బా పెట్టడం కూడా జిత్తే. రేగుపళ్లు, నేరేడుపళ్లు రాలే కాలంలో నక్క హాయిగా పళ్లు తింటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఇక ఎలుగును మోసం చేసే సాహసమా? ఎలుగు ఉన్నంతసేపు ఆ చెట్టు కింద ఒక్క ఫ్రేములోనూ నాకు నక్క కనిపించలేదు.

అపోహ: కొండముచ్చు, దుప్పి స్నేహితులు. కొండముచ్చు పైనుంచి కోసి దుప్పికి వేస్తుంది.

కోసి వెయ్యదు, పారేస్తుంది. కొండముచ్చు తిండి మహా దుబారా. ఒక కొమ్మ విరిచి రెండు పువ్వులు నోట్లో వేసుకుని మిగతాది జారవిడుస్తుంది. దుప్పులకు అదే విందు. బదులుగా కొండముచ్చులకూ లాభం ఉంది: కింద దుప్పి ముక్కు, పైన కొండముచ్చు కన్ను. చిరుత వస్తే ఎవరో ఒకరు అరుస్తారు, ఇద్దరూ బతుకుతారు. లెక్క చూసుకుని చేసే స్నేహం కాదు, ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటే కలిసొచ్చిన లాభం. చిరుతకూ ఈ సంగతి తెలుసు. పువ్వు రాలే చెట్టుకు కాస్త దూరంలో పొద మాటున పడుకున్న చిరుత ఫోటోలు నా దగ్గర రెండున్నాయి. దానికి ఇష్టమైన తిండి పువ్వు కాదు, పువ్వు తినడానికి వచ్చేది.

అపోహ: రేసుకుక్కలు (అడవికుక్కలు) తోకలతో పొదల మీద మూత్రం చల్లి, పులిని గుడ్డిదాన్ని చేసి వేట లాక్కుంటాయి.

ఇది అడవి అంచు ఊళ్లలో గట్టిగా నమ్మే మాట. మూత్రం వల్ల ఏ జంతువుకూ చూపు పోదు. వాటి మూత్రం హద్దులకు, కబుర్లకు. ఒక్కోసారి ముందుకాళ్ల మీద నిలబడి, వెనక్కాళ్లు పైకెత్తి మరీ పోస్తాయి. అది చూసినవాళ్లు ఏదో మంత్రం అనుకున్నా తప్పులేదు. అవి గెలిచేది గుంపు వల్ల, వేగం వల్ల. దుప్పి పడిన క్షణం నుంచి అందరూ కలిసి గబగబా లాగించేస్తాయి. పెద్దవాడు వచ్చి గుంజుకునేలోపు కడుపులో ఉంటే ఎవడూ గుంజుకోలేడు కదా!

గబ్బిలాలు ఇప్పపువ్వును పాడు చేస్తాయన్న మాట కూడా తరచూ వింటాను. చెట్టు మీద రాత్రి గోల చేసేది అవే, నిజం. కానీ ఆ తియ్యటి రేకుల కోసం వచ్చే గబ్బిలాల ముఖాలకు అంటిన పుప్పొడి వల్లే చాలావరకు కాయ పడుతుంది. కాయ లేకపోతే గింజ లేదు, ఇప్పనూనె లేదు.

అపోహ: ఎలుగు వస్తే చెట్టెక్కితే చాలు. లేదా ఊపిరి బిగబట్టి పడుకుంటే వాసన చూసి వెళ్లిపోతుంది.

ఇది ప్రాణం మీదికి వచ్చే అపోహ కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. తేనెపట్టు కోసం చెట్లెక్కడం దానికి అలవాటే. మూడు, నాలుగు అంగుళాల గోళ్లున్న జంతువుకు మనం ఎక్కే చెట్టు ఒక లెక్కా? ఇక ఇద్దరు మిత్రుల కథ చిన్నప్పుడు మనందరం చదివాం. ఎలుగు శవాలను పరీక్షించి వదిలేయడానికి దాడి చేయదు, భయపడి చేస్తుంది.

మన దగ్గర దాన్ని గుడ్డేలుగు అంటారు. గుడ్డిది కాదు, చూపు మందం. ముక్కు మాత్రం మహా పదును. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది. పై పళ్ల వరుసలో మధ్య రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచి పీలుస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికీ వినిపిస్తుంది. తిండి మీదుంటే మన అడుగుల సవ్వడి దానికి అందదు. దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా మనం కనబడతాం. అప్పుడు ముఖం మీదికే వస్తుంది.

ఒక ఏప్రిల్‌లో నేనూ ఆ తప్పు చేశాను. ఎండ ముదరకముందే పని అయిపోతుందని ఐదు గంటలకే, ఒక్కణ్నే, రబ్బరు చెప్పులతో నిశ్శబ్దంగా కార్డు మార్చడానికి వెళ్లాను. పదిహేను అడుగుల దూరంలో నల్లటి దిబ్బ లేచి నిలబడింది. ఒక్క హుంకారం. నా కాళ్లు కదల్లేదు. అది తిరిగి వాగులోకి దూకింది. వేళ బాగుంది, అంతే. అందులో నా తెలివి ఏమీ లేదు.

పువ్వు ఏరేవాళ్లు చేయగలిగింది సులువే. పొద్దు పొడిచాక, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడం. దాడే జరిగితే బోర్లా పడుకుని, మెడ వెనక వేళ్లు గట్టిగా అల్లుకుని, ముఖం నేలకు ఆనించాలి. దెబ్బలు ఎక్కువగా తగిలేది తలకూ ముఖానికే. మా బేస్ క్యాంపు దగ్గరి గూడెంలో ఒక అవ్వ చెట్టు దగ్గరికి పోతున్నంతసేపూ దగ్గుతూనే ఉండేది. "ఒంట్లో బాగాలేదా అవ్వా?" అంటే నవ్వింది. "మంచిగనే ఉన్న బిడ్డా. మేం వస్తున్నమని దానికి తెల్వాలె గద."

అపోహ: చెట్టు కింద ఆకులు కాలిస్తే పువ్వు ఎక్కువ రాలుతుంది.

ఒక్క పువ్వు కూడా ఎక్కువ రాలదు. నేల శుభ్రంగా ఉండి ఏరడం తేలికవుతుంది, అంతే. ఆ మంటకు కింది ఇప్ప మొలకలు మాడిపోతాయి, గాలి తిరిగితే అడవే అంటుకుంటుంది. దానికి బదులు పాత చీరలో వలో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా వస్తుంది. అవ్వకు కూడా ఇదే చెప్పి, రెండు చీరలు కుట్టించి పరిపించాను. రెండోరోజు కార్డు తీసి చూస్తే ఆడవాళ్ల కన్నా ముందే కొండముచ్చు దిగి, చీర నట్టనడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఏరుకు తింటోంది. మొత్తం పద్దెనిమిది ఫోటోలు. అవ్వకు చూపిస్తే, "నీ చీర దానికే పరిచినవ్ బిడ్డా" అంది.