60 డిగ్రీలు, 30 డిగ్రీలు: పారాచూట్ నిబంధన వెనక కథ

"బ్యాంక్ 60 దాటినా, నోస్ 30 దాటినా అది ఏరోబాటిక్స్." అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. బ్యాంక్ అంటే విమానం పక్కకు వంగే కోణం, నోస్ అంటే దాని ముక్కు పైకో కిందికో తిరిగే కోణం, ఏరోబాటిక్స్ అంటే గాలిలో చేసే విన్యాసాలు. ఆ మాట తప్పు. ఆ రెండు అంకెలు ఉన్నది అమెరికా విమానయాన నిబంధనల్లో పారాచూట్ల గురించి చెప్పే 91.307లో. ఏరోబాటిక్స్ గురించి చెప్పే 91.303లో కోణం ఊసే లేదు. ఒకటి విమానం లోపల కూర్చున్నవాళ్ల కోసం పుట్టింది, రెండోది కింద ఉన్నవాళ్ల కోసం, పక్కన ఎగిరేవాళ్ల కోసం. రెండింటినీ కలిపేసుకుంటే ఏదో ఒకటి తప్పక ఉల్లంఘిస్తాం.

పారాచూట్‌తోనే మొదలుపెడదాం. తొలినాళ్లలో చాలా పారాచూట్లను విమానానికి కట్టిన తాడే బయటికి లాగేది. విమానం గింగిరాలు కొడుతూ పడిపోతుంటే ఆ తాడే చిక్కుపడి మనిషిని ముంచేది. 1919 ఏప్రిల్ 28న ఒహాయోలోని మెక్‌కుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, దానికి దూరంగా వచ్చాక తన చేత్తో రిప్‌కార్డ్ (పారాచూట్‌ను తెరిచే తాడు) లాగాడు. విమానంతో సంబంధం లేకుండా తెరుచుకునే పారాచూట్ పనికొస్తుందని ఆ రోజు తేలింది. 1922 అక్టోబర్ 20న అక్కడే హెరాల్డ్ హారిస్ నడుపుతున్న విమానం అదుపు తప్పి ఊగిపోయింది. దూకేశాడు. రిప్‌కార్డ్ అనుకుని మూడుసార్లు కాలిపట్టీ బకిల్‌ను లాగి, ఆ తర్వాత అసలు పిడిని దొరకబుచ్చుకున్నాడు. ప్రాణం దక్కింది.

ఆ రోజుల్లో పారాచూట్ అంటే పట్టే. పట్టుకు తేమ తగిలితే బూజు పడుతుంది, మడతల దగ్గర బలం పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి పట్టు రావడం ఆగిపోయింది, నైలాన్ వచ్చింది. ఈ చరిత్ర ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది. గుడ్డ, తాళ్లు, హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు) పూర్తిగా నైలాన్ లాంటి కృత్రిమ దారంతో చేసినవైతే లైసెన్స్ ఉన్న రిగ్గర్ (పారాచూట్లు మడిచే నిపుణుడు) మడిచినప్పటి నుంచి 180 రోజుల వరకు చెల్లుతుంది. ఏ ఒక్క భాగంలో పట్టు లాంటి సహజ దారం ఉన్నా 60 రోజులే. కృత్రిమ దారానికి ఒకప్పుడు 120 రోజులుండేది, 2008 డిసెంబర్‌లో దాన్ని 180కి పెంచారు.

180 రోజులంటే ఆరు నెలలు కాదు. మార్చి 1న మడిచిన పారాచూట్ గడువు ఆగస్టు 28తో అయిపోతుంది. సెప్టెంబర్ దాకా ఉందనుకున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఇంకో మెలిక కూడా ఉంది. అత్యవసరంలో వాడటానికి పెట్టుకున్న ఏ పారాచూట్ అయినా గడువులో ఉంటేనే విమానంలోకి ఎక్కించాలి. పారాచూట్ అక్కర్లేని ప్రయాణంలో, ఒంటరిగా ఎగిరే పైలట్ తన ఇష్టంతో గడువు దాటినదాన్ని తగిలించుకున్నా ఉల్లంఘనే.

ఇక కోణాల సంగతి. సిబ్బంది కాని మనిషి ఒక్కరున్నా సరే, విమానంలో ప్రతి ఒక్కరూ ఆమోదం పొందిన పారాచూట్ కట్టుకుంటేనే కావాలని 60 డిగ్రీలకు మించి బ్యాంక్ చేయొచ్చు, దిగంతానికి 30 డిగ్రీలకు మించి నోస్ ఎత్తొచ్చు, దించొచ్చు. ప్రయాణికుడికి కట్టి పైలట్ ఊరుకుంటే కుదరదు. ఒంటరిగా ఎగిరేవాళ్లకు ఈ షరతు లేదు. కుడి సీట్లో కూర్చున్న స్నేహితుడి దగ్గర లైసెన్స్ ఉన్నా, ఆ ప్రయాణంలో అతనికి అప్పగించిన పని లేకపోతే అతను ప్రయాణికుడే. నా దృష్టిలో ఈ నిబంధనలో సబబైన అంశం ఇదే: ప్రమాదం ఎంతో తెలిసి ఎక్కినవాడికి ఒక లెక్క, తెలియక ఎక్కినవాడికి ఇంకో లెక్క.

60 దగ్గర గీత ఎందుకో గణితం చూస్తే తెలుస్తుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల బ్యాంక్‌లో తిరిగితే రెక్కల మీద బరువు రెట్టింపవుతుంది, స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం, 1.41 రెట్లవుతుంది. మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాలయ్యే విమానం 71 దగ్గరే అవుతుంది. ఇంకో 15 డిగ్రీలు వంచితే రెక్కల మీద బరువు 3.86 రెట్లు. నార్మల్ కేటగిరీ (మామూలు వాడకానికి ధ్రువీకరించిన) విమానాలకు చాలాకాలంగా ఉన్న పరిమితి 3.8 రెట్లు. అంటే 60 నుంచి 75కి వెళ్లేసరికి, ఎత్తు నిలబెట్టుకోవాలని కంట్రోల్ కర్ర లాగే పైలట్ విమానం బలం అంచుకు చేరిపోతాడు. ప్రైవేట్ పైలట్ పరీక్షలో స్టీప్ టర్న్ (బాగా వంచి తిరగడం) 45 డిగ్రీలు, కమర్షియల్‌లో 50. రెండూ గీతకు ఇవతలే.

స్పిన్‌లకు (స్టాలైన విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోవడం) పారాచూట్ షరతు నుంచి మినహాయింపు ఉంది. 1949లో ప్రైవేట్ పైలట్ శిక్షణ నుంచి స్పిన్ తీసేశారు, కానీ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఇప్పటికీ తప్పదు. ఏదో ఒక సర్టిఫికెట్‌కో రేటింగ్‌కో నిబంధనలు కోరే విన్యాసాన్ని అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నేర్పుతుంటే పారాచూట్ అక్కర్లేదు. అందుకే ప్రైవేట్ విద్యార్థికి స్పిన్ చూపించినా ఈ మినహాయింపు వర్తిస్తుంది. లూప్ (నిలువుగా గుండ్రంగా తిరగడం), రోల్ (పక్కకు పూర్తిగా దొర్లడం) మాత్రం ఏ సర్టిఫికెట్‌కీ అవసరం లేదు కాబట్టి దీని కిందికి రావు.

పారాచూట్ కట్టుకున్నంత మాత్రాన 91.303 తొలగిపోదు. నేల నుంచి 1,500 అడుగుల కంటే దిగువన, జనావాసాల మీద, ఫెడరల్ ఎయిర్‌వే (విమానాలకు నిర్దేశించిన గగన మార్గం) మధ్యరేఖకు 4 నాటికల్ మైళ్లలోపు, 3 మామూలు మైళ్ల కంటే తక్కువ దూరం కనిపించేటప్పుడు ఏరోబాటిక్స్ నిషేధం. ఒంటరిగా ఉన్నా ఇదే మాట. 40 డిగ్రీల బ్యాంక్‌లో అయినా, మామూలు ప్రయాణానికి అవసరం లేని హఠాత్ కదలికను కావాలని చేస్తే అది ఏరోబాటిక్స్ కిందికి రావచ్చు.

విమానం మొత్తాన్ని దించే పారాచూట్ 1998లో సిర్రస్ ఎస్ఆర్20తో పాటు ధ్రువీకరణ పొందింది. దాంతో 91.307 తీరిపోతుందా? తీరదు. నిబంధన "కట్టుకుని" ఉండాలంటోంది, సీట్ల వెనక రాకెట్ ఉంటే సరిపోదు. పైగా ఆ విమానంలో కావాలని స్పిన్ చేయడమే నిషేధం.

కట్టుకోవడం ఒక ఎత్తు, బయటపడటం ఇంకో ఎత్తు. ఎగిరే ముందు ప్యాకింగ్ కార్డు మీద తేదీ చూడాలి. పారాచూట్ సంచిని మూసి ఉంచే పిన్నులు వాటి ఉచ్చుల్లో నిటారుగా ఉన్నాయా, రిగ్గర్ కట్టిన సీలు దారం తెగకుండా ఉందా చూడాలి. వీపున కట్టుకునేదైతే మనిషిని ముందుకు నెడుతుంది కాబట్టి, కట్టుకున్నాకే సీటు సరిచేసుకుని రడ్డర్ పెడల్‌ను చివరిదాకా నొక్కి చూడాలి. సెస్నా ఏరోబాట్‌లో తలుపులు ఊడదీసే ఏర్పాటు, పారాచూట్ పట్టేలా సీటు కుషన్ తీసేసే వీలు ఇందుకే పెట్టారు. తర్వాత నేల మీదే సాధన: తలుపు, హెడ్‌సెట్, సీటు బెల్టు, బయటికి. కంగారులో సీటు బెల్టుకు బదులు పారాచూట్ బకిల్ విప్పేసుకునే ప్రమాదం ఉంది, అందుకే రెండింటినీ వేలితో తాకి తేడా గుర్తుపెట్టుకోవాలి. బయటపడ్డాక రిప్‌కార్డ్ కోసం తడుముకోకూడదు. తల వంచి పిడిని కంటితో చూడాలి, రెండు చేతులతో పట్టుకుని చేతులు చాచినంత మేర లాగాలి. హారిస్ మూడుసార్లు కాలిపట్టీని లాగింది చూడకుండా తడిమినందుకే.