జాసా, ఎన్‌వీడీఏనా: విశాఖలో ఓ పాత ప్రశ్న

ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే చూపులేని కుర్రాళ్లు ల్యాప్‌టాప్ కొనేముందు ఒకరినొకరు అడిగేది ఒకటే: "ఒరేయ్, జాస్ వేయించాలా, ఎన్‌వీడీఏ సరిపోద్దా?" రెండూ స్క్రీన్ రీడర్లే, అంటే తెర మీద ఉన్నది గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాములు.

విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో తెర మీద ఉన్నవన్నీ అక్షరాలే. మెమరీలోంచి తీసి చదివేయడం స్క్రీన్ రీడర్‌కు పెద్ద పని కాదు. కారు ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో 1989లో జాస్ తెచ్చింది డాస్ కోసమే. విండోస్ వచ్చాక తెరంతా బొమ్మలైంది. బటన్ ఏదో, మెనూ ఏదో తడుముకుని పట్టుకోవాలి. ఆ పని చేసే జాస్ 1995లో వచ్చింది, ధర మాత్రం వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. గాజువాకలో అద్దెకుండే కుర్రాడికి అది అయ్యే పనేనా? డెమో కాపీ అయితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. సగం రాసిన ఉత్తరం ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆపిల్ 2005లో మ్యాక్‌లోనే వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ పెట్టేసింది, కానీ మ్యాక్ కొనాలిగా. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ నెట్ సెంటర్లోనైనా నడుపుకోవచ్చు. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

డబ్బు గొడవ తీరాక తెలుగు గొడవ బయటపడింది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. రోబో గొంతే, అయినా అలవాటవుతుంది. అయితే అది యూనికోడ్ తెలుగునే, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉన్న రాతనే చదవగలదు. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లే. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. కంటికి తెలుగు, చెవికి గందరగోళం. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే ఉత్త బొమ్మే, ఈస్పీక్ అసలు నోరే మెదపదు. ఒక ఆఫీసు నోటీసు ఓ మిత్రుడికి నేనే ఫోన్‌లో చదివి వినిపించాల్సి వచ్చింది, అదీ వికలాంగుల కోటా గురించిన నోటీసు!

2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందేలా ఉండాలంటోంది. ఈలోగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు విండోస్ బదులు వాడుకునే లినక్స్ వైపు చూస్తున్నారు. అక్కడ ఓర్కా అనే స్క్రీన్ రీడర్ ఉంది, అదీ ఉచితమే, ఈస్పీక్ గొంతూ పలుకుతుంది. వేళ్లకు అలవాటైన షార్ట్‌కట్‌లు కొన్ని మళ్లీ నేర్చుకోవాలి. అను ఫైలు మాత్రం అక్కడా అంతే.